నోన్నా వంటిల్లు: ఇటలీ పల్లె భోజనశాల కథ

ఇటలీలో పట్నం దాటి పల్లెల వైపు వెళ్తే, ద్రాక్షతోటల పక్కనో రోడ్డు మలుపులోనో ఒక పాత రాతి ఇల్లు కనిపిస్తుంది. బయట చెట్టు కింద నాలుగు బల్లలు, తలుపు పైన చిన్న బోర్డు. లోపల గోడకి రాగి పాత్రలు, వాటి మధ్య ఒక నలుపు తెలుపు ఫోటో. తలకి రుమాలు కట్టుకుని, నడుముకి ఆప్రాన్ చుట్టుకున్న ముసలావిడ. మెనూలో ఆవిడ పేరుతో ఒక వంటకం కూడా ఉంటుంది. నోన్నా చేతి పాస్తా, నోన్నా చేసిన కేకు. ఇటాలియన్‌లో అమ్మమ్మనీ నానమ్మనీ కూడా నోన్నా అనే అంటారు. మనవాళ్ళు యూరప్ యాత్రలకి వెళ్ళినప్పుడు పిల్లాపాపలతో ఇలాంటి చోట కూర్చుని ఫోటోలు పంపడం ఈమధ్య మామూలైపోయింది.

ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకొచ్చే సందేహం ఒకటే. గోడ మీది ఆ నోన్నా నిజంగా రోజూ ఇవన్నీ వండేదా? వండితే తనకి మిగిలేదా? అంత చాకిరీకీ ఆవిడ చేతికి ఏమైనా వచ్చేదా? ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని చదువుతూ పోతే, వంటకాల కథ కంటే వంటావిడ కథే ఎక్కువగా దొరికింది. అదే ఈరోజు మీతో చెప్పుకుందామని.

ముందు ఆ భోజనం ఎలా ఉంటుందో చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తాతలు, కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ ఒక పొడుగు బల్ల చుట్టూ చేరతారు. మొదట అంతిపాస్తో, అంటే భోజనానికి ముందు నంజుకునేవి: ఉప్పుతో ఊరబెట్టి ఆరబెట్టిన పంది మాంసం పలచటి ముక్కలు, చీజ్, నూనెలో ఊరిన కూరగాయలు, కాల్చిన రొట్టె. తర్వాత ప్రీమో, అంటే మొదటి వడ్డన. పాస్తా, సూప్, లేదా బియ్యంతో చేసే రిసొత్తో. ఆ పళ్ళాలు తీసేశాక సెకొందో, మాంసమో చేపో. పక్కన కొంతొర్నో అని ఉడికించిన కూరలో సలాడో. చివర తీపి, ఆపైన చిన్న కప్పులో చిక్కటి కాఫీ. మనం విస్తట్లో అన్నీ వడ్డించుకుని కలుపుకున్నట్టు కాదు, ఒకటి అయ్యాకే ఇంకొకటి. అలా తింటూ కబుర్లాడుతూ ఉంటే రెండు మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

ఇంత వరస రోజూ ఎవరింట్లో కుదురుతుంది చెప్పండి? ఇది పండగ భోజనం. మనం రోజూ బొబ్బట్లూ పులిహోరా చేసుకోనట్టే, అక్కడి పల్లెటూరి ఇళ్ళలో కూడా ఈ వంటలు ఏడాదికి కొన్నిసార్లే పొయ్యి ఎక్కేవి. మిగతా రోజుల కథ వేరు.

ఆ కథలోకి వెళ్ళే ముందు ఈ భోజనశాలల పుట్టుక రెండు ముక్కల్లో. వీటిలో పాతది ఒస్తేరియా. అక్కడ అసలు అమ్మకం వైన్. రోమ్ చుట్టుపక్కల కొండ ఊళ్ళలో వైన్ అమ్మకానికి ఉందని తెలియడానికి తలుపు మీద ఆకుల కొమ్మ ఒకటి కట్టేవారు. కొమ్మని ఫ్రస్కా అంటారు కాబట్టి ఆ చోటుకి ఫ్రస్కెత్తా అని పేరు. వైన్ అక్కడ కొనుక్కునేవారు, తిండి మాత్రం ఎవరిది వాళ్ళు మూట కట్టుకుని తెచ్చుకునేవారు. తాగేవాళ్ళు నంజుకోవడానికి ఏదైనా అడిగితే, యజమాని భార్య ఇంట్లో వండినదే ఒక గిన్నెలో పెట్టి ఇచ్చేది. అలా వంటిల్లు మెల్లగా ముందుగదిలోకి వచ్చింది. కూర్చోబెట్టి వండి వడ్డించే చోటుకి త్రాత్తోరియా అని పేరు. మన పూటకూళ్ళ ఇంటికి దగ్గరి చుట్టమే అనుకోండి. ‘కన్యాశుల్కం’ చదివినవాళ్ళకి పూటకూళ్ళమ్మ గుర్తొచ్చే ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఇల్లే ఆవిడ పేరుతో నడిచింది. అక్కడ చాలాచోట్ల బోర్డు మీద ఆయన పేరు, పొయ్యి దగ్గర ఆవిడ.

ఇప్పుడు ఆ రాతి ఇంటి సంగతి. ఈరోజు మనం ముచ్చటపడే ఆ ఇళ్ళు చాలావరకు కౌలు రైతులవి. వాళ్ళకి సొంతవి కావు. టస్కనీ, ఎమీలియా-రొమాన్యా, ఉంబ్రియా, మార్కె ప్రాంతాల్లో కొన్ని వందల ఏళ్ళు మెజ్జాద్రియా అనే సగపాలు సేద్యం నడిచింది. భూమీ, ఇల్లూ దొరవి. చాకిరీ రైతు కుటుంబానిది. పంటలో సగం దొరకి, సగం వీళ్ళకి. ఒప్పందం ఒక్క రైతుతో కాదు, ఇంటిల్లిపాదితో. ఎంత భూమి ఇవ్వాలన్నది ఇంట్లో ఎన్ని చేతులున్నాయన్నదాన్ని బట్టి ఉండేది. అందుకే అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, పిల్లలు పది పదిహేను మంది ఒకే కప్పు కింద ఉండేవారు. చేతుల లెక్క మారుతుంది కనుక, ఇంట్లో పెళ్ళి చేయాలన్నా చాలా ఒప్పందాల్లో దొర అనుమతి కావాలి.

అంత పెద్ద ఇంటికి ఇద్దరు పెద్దలు. పొలం, పశువులు, దొరతో లెక్కలు చూసేది మగ పెద్ద. ఇల్లు, పొయ్యి, కోళ్ళు, కూరగాయల మడి, పిల్లలు, బట్టలు చూసేది ఆడ పెద్ద. రొమాన్యా వైపు ఆవిడని అజ్దోరా అంటారు, నడిపించే మనిషి అని ఆ మాటకి అర్థం. ఎక్కువగా ఇంటి పెద్ద భార్యే అజ్దోరా. కోడళ్ళు ఆవిడ మాట కింద పని చేయాలి. ఎవరు పొలానికి వెళ్ళాలి, ఎవరు రొట్టె కాల్చాలి, ఎవరు చాకిరేవుకి పోవాలి, అన్నీ ఆవిడ చెప్పినట్టే. గుడ్లు, కోళ్ళు అమ్మగా వచ్చిన నాలుగు డబ్బులు ఆవిడ చేతిలో ఉండేవి. ఉప్పు, సూదీ దారం, పిల్లల బట్టలు అందులోంచే. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఈ ఏర్పాటు గురించి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

అయితే ఆ కోళ్ళు కూడా పూర్తిగా ఆవిడవి కావు. ఒప్పందంలో సగం పంటతో పాటు కొన్ని కానుకలు రాసి ఉండేవి. క్రిస్మస్‌కి దొర ఇంటికి బలిసిన కోడిపుంజులు, ఈస్టర్‌కి ఇన్ని గుడ్లు. కొన్నిచోట్ల దొర ఇంటి బట్టలు ఉతికిపెట్టడం కూడా రైతు ఇంటి ఆడవాళ్ళ పనే. పండగ ముందు తమ కోళ్ళని పట్టి దొర గుమ్మంలో పెట్టి రావడం ఎంత కష్టంగా ఉండేదో!

మరి రోజూ ఏం తినేవారు? ఉత్తర ఇటలీ పల్లెల్లో రోజువారీ తిండి పొలెంతా, అంటే మొక్కజొన్న సంకటి. పెద్ద రాగి పాత్రలో గంటసేపు కలుపుతూ ఉడికించి, చెక్క పలక మీద కుమ్మరించి, అందరూ తలోవైపు నుంచి తినేవారు. లేనివాళ్ళ ఇళ్ళలో బల్ల పైన దారానికి ఒక ఉప్పు చేప వేలాడదీసి, సంకటి ముద్ద దానికి రాసుకుని తిన్నారని ఇప్పటికీ పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. చేప అయిపోకుండా వాసన మాత్రం అందాలన్నమాట.

ఏడాది పొడుగునా మొక్కజొన్నే తినడంతో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. ఎండ తగిలిన చోట చర్మం పొక్కిపోవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. 1877లో ఇటలీ పార్లమెంటు ఆదేశంతో మొదలైన వ్యవసాయ విచారణ కాలంలో, 1881లో లెక్క తీస్తే సుమారు లక్ష మందికి ఈ జబ్బు ఉందని తేలింది. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ ఉన్నా మన ఒంటికి పట్టదు. అమెరికా ఖండంలో, ముఖ్యంగా మెక్సికోలో, ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, అప్పుడు రుబ్బుకునేవారు. అలా చేస్తే ఆ విటమిన్ ఒంటికి అందుతుంది. కొలంబస్ తర్వాత గింజ ఓడెక్కి యూరప్‌కి వచ్చింది. వంటింటి పద్ధతి మాత్రం ఓడెక్కలేదు. ఆడవాళ్ళకి తెలిసిన విషయాన్ని ఎవరూ అడిగి రాసుకోలేదు మరి. దాని ఖరీదు ఇటలీ పల్లెలు వందేళ్ళకి పైగా చెల్లించాయి. ఈ జబ్బు మనకీ కొత్త కాదు. జొన్నే ముఖ్యాహారంగా బతికిన దక్కన్ పేదల్లో కూడా కనిపించింది. హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దీని మీద చేసిన పరిశోధన ప్రపంచమంతా పేరు పొందింది.

ఇంక పండగలు. క్రిస్మస్‌కి కోడి పులుసు నీళ్ళలో వేసిన తొర్తెల్లీని, అంటే లోపల మాంసం ముద్ద పెట్టి మడిచిన చిన్న పాస్తా. చలికాలంలో ఇంట్లో పెంచిన పందిని కోసి సాసేజీలు, హామ్ తయారుచేసుకునేవారు. మంచి హామ్‌ని అమ్ముకుని ఇల్లు గడుపుకున్న కుటుంబాలూ ఉన్నాయి. పంట నూర్పిళ్ళప్పుడు పొరుగు రైతులందరూ సాయానికి వచ్చేవారు, ఆరోజు వాళ్ళకి కడుపునిండా పెట్టాలి, లేకపోతే ఇంటి పరువు పోతుంది. తెల్లవారకముందే లేచి, 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్కన కలిపి, మన అప్పడాల కర్రకి రెండు మూడింతలు పొడుగున్న కర్రతో దుప్పటంత రొట్టెలా ఒత్తి, చుట్టి, సన్నగా కోసి తాల్యతెల్లె చేసేది అజ్దోరా. ఈ రోజు భోజనశాలలో మనకి పెట్టేది ఆ నూర్పిళ్ళ నాటి భోజనం, ఆ క్రిస్మస్ భోజనం. రోజువారీ తిండి కూడా మెనూలో ఉంది లెండి, కాస్త ముస్తాబై. పాత రొట్టె, మిగిలిన కూరల సూప్ కలిపి మళ్ళీ ఉడికించే టస్కనీ రిబొల్లీత అలాంటిదే. ఆ పేరుకి మళ్ళీ ఉడికించినది అనే అర్థం. మన చద్దన్నానికి ఇప్పుడు హోటళ్ళలో వచ్చిన మర్యాద లాంటిదే.

రిసొత్తో వెనక కూడా ఆడవాళ్ళ నడుములే ఉన్నాయి. పో నది మైదానాల్లో వరి పండుతుంది. మే, జూన్ నెలల్లో మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీయడానికి దూరప్రాంతాల నుంచి వేలమంది ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళని మొందీనె అనేవారు. కూలిలో కొంత డబ్బు, రోజుకి ఒక కిలో బియ్యం. రోజుకి ఎనిమిది గంటలే పని ఉండాలని సమ్మెలు చేసి, 1906లో వెర్చెల్లి ప్రాంతంలో అది సాధించుకున్నారు. మన ఊళ్ళలో నాట్లూ కలుపులూ చేసే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఆ పని ఎంతటిదో తెలుసు.

మరి ఆడదాని పనికి విలువ ఎంత కట్టారు? 20వ శతాబ్దం మొదట్లో అర్రీగో సెర్పియేరి అనే వ్యవసాయ ఆర్థికవేత్త రైతు కుటుంబంలో ఎంత శ్రమశక్తి ఉందో లెక్కించడానికి ఒక పట్టిక వేశాడు. మగవాడు 1 అయితే ఆడమనిషి 0.6. ఆ లెక్క ఇటలీలో దశాబ్దాల పాటు వాడుకలో ఉంది. అది కూడా పొలం పనికి. పొలం నుంచి వచ్చాక వండినదీ, ఉతికినదీ, రాత్రి నూలు వడికినదీ ఆ 0.6లో కూడా లేదు.

వంట పుస్తకాల దగ్గరికి వస్తే పెల్లెగ్రీనో ఆర్తూజి అనే పెద్దమనిషి పేరు చెప్పుకోవాలి. రొమాన్యాలోని ఫోర్లింపోపోలిలో 1820లో పుట్టాడు. ఫ్లోరెన్స్‌లో వ్యాపారం చేసి, పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయాడు. 1891లో, 71 ఏళ్ళ వయసులో, ప్రచురణకర్తలు ముందుకు రాకపోతే సొంత డబ్బుతో ఒక వంటల పుస్తకం వేశాడు. మొదట 475 వంటకాలు. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి గృహిణులు ఉత్తరాలు రాసి తమ ఇంటి వంటలు పంపుతూ వచ్చారు. చివరి కూర్పుల నాటికి అవి 790 అయ్యాయి. ఇటలీ ఇళ్ళలో తరతరాలుగా ఉండే పుస్తకం అది. ఆర్తూజి ప్రతి వంటకాన్నీ ఇంట్లో వండించి చూసేవాడు. వండింది ఇద్దరు: వంటవాడు ఫ్రాంచెస్కో రుఫీల్లి, ఇల్లు చూసుకునే మరియెత్తా సబతీని. 1911లో చనిపోతూ ఆ పుస్తకం హక్కులు వాళ్ళిద్దరికీ రాసి వెళ్ళాడు. ఈ విషయం చదివినప్పుడు నాకు మనసు నిండిపోయింది. అట్ట మీద పేరు ఆయనదే అయినా, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఆ డబ్బు దక్కాలని ఆయనకి తోచింది. ఇప్పుడు ఫోర్లింపోపోలిలో 2007లో తెరిచిన కాసా ఆర్తూజి అనే వంటల కేంద్రం ఉంది. అక్కడ చేత్తో పాస్తా ఒత్తడం నేర్పే ఆడవాళ్ళని మరియెత్తాలు అనే పిలుస్తారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ వేగంగా మారింది. ఫ్యాక్టరీలు వచ్చాయి, పల్లెలు ఖాళీ అయ్యాయి. మొదట పొలం వదిలి వెళ్ళాలని పట్టుబట్టినవాళ్ళలో పడుచు ఆడపిల్లలు చాలామంది. అత్తగారి చేతికింద, దొర భూమిలో, నీళ్ళూ కరెంటూ లేని ఇంట్లో బతుకు వద్దనుకున్నారు. 1964లో కొత్త సగపాలు ఒప్పందాలు రాయకూడదని చట్టం వచ్చింది. 1982లో వచ్చిన ఇంకో చట్టం పాత ఒప్పందాలని మామూలు కౌలుగా మార్చుకునే దారి చూపించింది.

పట్నానికి వెళ్ళినవాళ్ళు చేతిలో డబ్బు ఆడాక మళ్ళీ పల్లె వైపు చూశారు. 1955లో ఫియట్ 600, 1957లో చిన్న ఫియట్ 500 వచ్చాయి. నలుగురు ఇరుక్కుని కూర్చునే ఆ బుల్లి కార్లలో ఆదివారం ఊరి బయట త్రాత్తోరియాకి పోవడం కొత్త సరదా అయింది. అదే 1957లో రచయిత మారియో సొల్దాతి పో లోయ వెంట తిరుగుతూ అసలైన తిండి ఎక్కడుందని వెతికే కార్యక్రమం టీవీలో చేశాడు. అప్పటికే అది వెతుక్కోవలసినది అయిందన్నమాట. అమ్మలు వదిలించుకున్న వంటిల్లు, పిల్లలకి విహారయాత్ర అయింది.

1985లో అగ్రితురిస్మో చట్టం వచ్చింది. సాగు చేస్తున్న రైతు కుటుంబాలు తమ ఇంట్లోనే అతిథులకి గదులు, తమ పంటతో చేసిన భోజనం ఇవ్వవచ్చు, కాకపోతే వ్యవసాయమే ముఖ్య వృత్తిగా ఉండాలి అన్నది అందులోని షరతు. పడిపోతున్న రాతి ఇళ్ళకి అలా మళ్ళీ పొయ్యి వెలిగింది. ఈ రోజు ఇటలీలోని అగ్రితురిస్మోల్లో దాదాపు మూడో వంతు ఆడవాళ్ళ పేరు మీదే నడుస్తున్నాయి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది 1975 నాటి కుటుంబ చట్టం మార్పు. అంతవరకు భర్త హోటల్లో భార్య, మామగారి హోటల్లో కోడలు ఎన్నేళ్ళు వండినా అది ఇంటి పని కిందే జమ. జీతం లేదు, వాటా లేదు. భర్త పోయినా, కాపురం చెడినా ఆ పని పేరుతో వాటా అడగడానికి ఆధారం ఉండేది కాదు. 1975లో పౌర చట్టంలో కుటుంబ వ్యాపారం గురించి ఒక కొత్త నిబంధన చేర్చారు. కుటుంబ వ్యాపారంలోనో ఇంట్లోనో నిరంతరం పని చేసే సభ్యులకి పోషణ హక్కుతో పాటు, చేసిన పనిని బట్టి లాభాల్లో, ఆ లాభాలతో కొన్న ఆస్తిలో వాటా ఉంటుంది. స్త్రీ పని పురుషుడి పనితో సమానమని అందులో స్పష్టంగా రాశారు. 0.6 దగ్గర నుంచి 1 దాకా రావడానికి అంత కాలం పట్టింది. కాగితం మీది హక్కు ప్రతి ఇంట్లో అమలైందని ఎవరూ అనలేరు. కానీ అడగడానికి ఒక ఆధారం దొరికింది.

ఆ తర్వాత ఏం సాధ్యమైందో చూపడానికి ఒక ఇల్లు చెప్తాను. మాంతువా జిల్లాలో కన్నేతో సుల్లోల్యో దగ్గర, నది పక్కన 1920లలో సంతీని కుటుంబం వైన్, చేపలు పెట్టే చిన్న ఒస్తేరియా తెరిచింది. వండింది తెరేసా. ఆవిడ తర్వాత కోడలు బ్రూనా. 1970లలో బ్రూనా కొడుకుని పెళ్ళి చేసుకుని నాదియా ఆ ఇంటికి వచ్చింది. అత్తగారి దగ్గర, అత్తగారి అత్తగారి దగ్గర నిలబడి పని నేర్చుకుంది. దల్ పెస్కతోరె అనే ఆ భోజనశాలకి 1996లో మిషెలిన్ గైడ్ మూడు నక్షత్రాలు ఇచ్చింది. 2013లో నాదియా సంతీనిని ప్రపంచంలోని ఉత్తమ మహిళా షెఫ్‌గా ఎంపిక చేశారు. అక్కడి పేరున్న వంటకం గుమ్మడికాయ ముద్ద నింపిన తొర్తెల్లి, ఆ ప్రాంతంలో క్రిస్మస్ ముందురోజు ప్రతి ఇంట్లో చేసుకునేదే. మూడు తరాల అత్తాకోడళ్ళ చేతి మీదుగా వచ్చిన వంట. అత్తాకోడళ్ళ కథలంటే మనకి సీరియళ్ళే గుర్తొస్తాయి కానీ, ఇలాంటివీ ఉంటాయండీ.

మీరెప్పుడైనా ఇంటిల్లిపాదితో అలాంటి చోటికి వెళ్తే రెండు మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చేరండి, రెండున్నర దాటితే చాలాచోట్ల వంటిల్లు కట్టేస్తారు. అన్ని వడ్డనలూ తీసుకోవాలని లేదు, ఒక ప్రీమో తిని లేచినా ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలకి సగం వంతు అడగండి. బిల్లులో కొపెర్తో అని తలకింత కనిపిస్తే కంగారు పడకండి, అది బల్ల, రొట్టె ఖర్చు కింద వేసేది. శాకాహారులైతే మాంసం ముక్కలు లేవు అన్నంతమాత్రాన ఊరుకోకుండా, సూప్ ఏ నీళ్ళలో చేశారో కూడా అడగండి. పార్మిజానో చీజ్ తయారీలో దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్ళకి ఇది తెలిసి ఉండాలి.

అలాగే గోడ మీది ఫోటోలో ఉన్నావిడ పేరేమిటో కూడా అడగండి. ఆవిడ ఈ ఇంటి అత్తగారా కోడలా, ఈ భూమి ఎవరిది, ఇప్పుడు లోపల వండుతున్నది ఎవరు అని. తీరిక ఉంటే సంతోషంగా చెప్తారు. వండేవాళ్ళు బయటికి వస్తే పిల్లల చేత థాంక్స్ చెప్పించండి. ఇటాలియన్‌లో ‘గ్రాత్సియే’ అంటే సరిపోతుంది.